భానుమతి: 1953లోనే మెగాఫోన్ పట్టిన హీరోయిన్.. నటి నుంచి రచయిత్రిగా, దర్శకురాలిగా ఎలా ఎదిగారంటే?

తెలుగు సినిమాకు ఓ మహిళ దర్శకత్వం వహిస్తే ఇప్పటికీ అదో వార్తే. మరి 1953లో? అదీ ఒక్క భాషలో కాదు.. తెలుగు, తమిళం, హిందీ మూడింట్లో ఒకేసారి! అప్పటికి ఆమె వయసు 27 ఏళ్లు. ఆ సినిమా 'చండీరాణి'. ఆ దర్శకురాలు భానుమతీ రామకృష్ణ. పైగా అందులో ద్విపాత్రాభినయం కూడా ఆమెదే. హీరో ఎన్టీఆర్.

నేటి తరంలో చాలామందికి భానుమతి అంటే 'మంగమ్మగారి మనవడు'లో బాలకృష్ణకు నానమ్మే గుర్తొస్తారు. గద్దించే గొంతు, గడుసు మాట, ఎవరినీ లెక్కచేయని తీరు.. అదంతా నటనే అనుకుంటే పొరపాటు. ఆ తీరుతోనే ఆమె ఇండస్ట్రీలో ఆరు దశాబ్దాలు నెగ్గుకొచ్చారు. దానికి మూల్యం కూడా చెల్లించారు.

13 ఏళ్లకే తొలి సినిమా

ప్రకాశం జిల్లా ఒంగోలు దగ్గర దొడ్డవరం ఆమె సొంతూరు. 1925 సెప్టెంబర్ 7న పుట్టారు. తండ్రి బొమ్మరాజు వెంకట సుబ్బయ్యకు సంగీతమంటే ప్రాణం. చిన్నప్పుడే కూతురికి పాట నేర్పించారు. ఆ పాటే ఆమెను సినిమాల్లోకి తీసుకెళ్లింది.

దర్శకుడు సి.పుల్లయ్య 'వరవిక్రయం' సినిమాలో కాళింది పాత్రకు ఈ అమ్మాయిని ఎంచుకున్నారు. కాళ్లకూరి నారాయణరావు నాటకం ఆధారంగా తీసిన సినిమా అది. షూటింగ్ కలకత్తాలో. కట్నం ఇచ్చి చేసే పెళ్లి కంటే చావే మేలనుకునే అమ్మాయి కథ అది. 1939లో విడుదలైంది. తండ్రికి మాత్రం కూతురు సినిమాల్లో ఉండటం లోలోపల ఇబ్బందే. హీరో పక్కన అతి చనువుగా కనిపించే సీన్లు ఉండకూడదని ఆయన ముందే షరతు పెట్టేవారని చెబుతారు.

ప్రేమ పెళ్లి.. సినిమాలకు గుడ్‌బై అనుకుంటే

1943లో 'కృష్ణప్రేమ' షూటింగ్. ఆ సెట్లోనే అసిస్టెంట్ డైరెక్టర్ పి.ఎస్.రామకృష్ణారావు పరిచయమయ్యారు. అప్పటికే ఆమె పేరున్న హీరోయిన్. ఆయనకేమో పెద్ద జీతమూ లేదు, ఆస్తీ లేదు. తండ్రి ససేమిరా అన్నారు. అయినా భానుమతి వెనక్కి తగ్గలేదు. అదే ఏడాది ఆగస్టు 8న పెళ్లి చేసుకున్నారు. ఇక సినిమాలు చాలు, ఇల్లు చూసుకుందాం అనుకున్నారు.

కానీ బి.ఎన్.రెడ్డి వదల్లేదు. వాహినీ వారి 'స్వర్గసీమ' కోసం ఆమెను ఒప్పించారు. వీధిలో ఆడిపాడే సుబ్బి.. నాటకాల స్టార్ సుజాతాదేవిగా మారి, పెళ్లయిన హీరో చిత్తూరు నాగయ్య సంసారాన్ని తలకిందులు చేసే పాత్ర. 1945లో ఆ సినిమా రిలీజైంది. అందులో ఆమె పాడిన పావురం పాట ఊరూరా మార్మోగింది. ఒక్క సినిమాతో భానుమతి పెద్ద స్టార్ అయిపోయారు.

సొంత బ్యానర్ ఎందుకు?

సరిగ్గా ఇక్కడే ఆమె వేరే దారి పట్టారు. పిలిచిన నిర్మాత దగ్గరికల్లా వెళ్తే వాళ్లిచ్చిన పాత్రే చేయాలి. అదే సొంత కంపెనీ ఉంటే? 1947లో భర్తతో కలిసి, కొడుకు పేరు మీద భరణీ పిక్చర్స్ మొదలుపెట్టారు. 'రత్నమాల' వాళ్ల తొలి సినిమా. 1949లో అక్కినేనితో తీసిన 'లైలా మజ్ను' బ్యానర్‌కు గట్టి పేరు తెచ్చింది. తర్వాత మద్రాసు సాలిగ్రామంలో భరణీ స్టూడియో కూడా కట్టారు.

ఇటు ఇంటి బ్యానర్, అటు బయటి సినిమాలు. 1951లో బి.ఎన్.రెడ్డి 'మల్లీశ్వరి' ఆమెకు మరో శిఖరం. తమిళంలో ఎన్.ఎస్.కృష్ణన్, ఎంజీఆర్ లాంటి వాళ్ల పక్కన నటించారు. జెమినీ వారి హిందీ సినిమా 'నిశాన్'లోనూ కనిపించారు. అప్పటికే ఆమె కెమెరా ముందూ, వెనకా జరిగేదంతా గమనిస్తూ వచ్చారు. నిర్మాతగా లెక్కలు తెలుసు, గాయనిగా స్వరం తెలుసు, నటిగా సీను తెలుసు. అందుకే 'చండీరాణి' టైమ్‌లో దర్శకత్వం కూడా తానే తీసుకున్నారు. తెలుగులో తొలి మహిళా దర్శకురాలిగా ఆమెను చెప్పుకునేది ఈ సినిమాతోనే.

ఒకే సినిమాను మూడు భాషల్లో తీయడమంటే మాటలు కాదు. ప్రతి సీనూ మూడుసార్లు, మూడు రకాల డైలాగులతో. అదీ తాను నటిస్తూ, పాడుతూ, పక్కవాళ్లను నడిపిస్తూ! దీనికి తోడు సంగీత దర్శకుడు సి.ఆర్.సుబ్బరామన్ 1952లో చిన్న వయసులోనే కన్నుమూశారు. మిగిలిన పనిని ఎం.ఎస్.విశ్వనాథన్ పూర్తి చేశారు. ఇన్ని అడ్డంకుల మధ్య సినిమా 1953లో థియేటర్లకు వచ్చింది.

'మిస్సమ్మ' చేజారింది ఇలా

సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకునే కథ ఇది. విజయా వారి 'మిస్సమ్మ'లో మేరీ పాత్రకు ముందు తీసుకున్నది భానుమతినే. కొంత షూటింగ్ కూడా జరిగింది. ఓ రోజు వరలక్ష్మీ వ్రతం వల్ల ఆమె సెట్‌కు ఆలస్యంగా వచ్చారని, నిర్మాత చక్రపాణి క్షమాపణ అడిగారని, ఆమె కుదరదన్నారని చెబుతారు. ఆ మాటపట్టింపుతో భానుమతి సినిమా నుంచి తప్పుకున్నారు. రెండో హీరోయిన్‌గా ఉన్న సావిత్రి మేరీ అయ్యారు. సావిత్రి పాత్ర జమునకు వెళ్లింది. 1955లో 'మిస్సమ్మ' ఎంత హిట్టో, సావిత్రి కెరీర్ ఎలా మలుపు తిరిగిందో అందరికీ తెలిసిందే.

తమిళంలోనూ ఇలాంటిదే ఒకటి. ఎంజీఆర్ తొలిసారి డైరెక్ట్ చేసిన 'నాడోడి మన్నన్'లో అభిప్రాయ భేదాలొచ్చాయి. ఆమె పాత్ర సినిమా మధ్యలోనే ముగిసిపోయింది. సర్దుకుపోయి ఉంటే? ఆ రెండు సినిమాల్లోనూ చివరిదాకా ఆమే ఉండేవారేమో. కానీ తలవంచి తెచ్చుకునే హిట్ తనకు అక్కర్లేదన్నట్టే ఆమె బతికారు. సొంత బ్యానర్ ఉండబట్టే ఆ ధైర్యం నిలబడింది. పాత్ర పోతే ఇంటికి వెళ్లిపోవాల్సిన పరిస్థితి ఆమెకు లేదు. అక్కడికెళ్లి 'విప్రనారాయణ' లాంటి సినిమా తీసుకోగలరు.

వంటింట్లోంచి పుట్టిన అత్తగారు

ఆమె కలం సంగతి వేరే. షూటింగుల మధ్య ఖాళీలో కథలు రాసేవారు. వాటిలో 'అత్తగారి కథలు' తెలుగు పాఠకుల ఇళ్లలో మనిషైపోయాయి. మడీ ఆచారం, చాదస్తం, అమాయకత్వం అన్నీ కలిసిన అత్తగారు.. అన్నీ చూస్తూ లోలోపల నవ్వుకునే కోడలు. ఆవకాయ మీద ఒక కథ, అరటికాయ పొడి మీద మరో కథ. సినిమాల్లో గయ్యాళి అత్తలు రాజ్యమేలుతున్న రోజుల్లో, ఈ రచయిత్రి మాత్రం అత్తను విలన్ చేయలేదు. నవ్వించారు తప్ప కించపరచలేదు. హాస్యం అంటే మగ రచయితల సొత్తే అనుకునే చోట ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. ఆత్మకథ 'నాలో నేను'కు సినిమా పుస్తకాల విభాగంలో జాతీయ అవార్డు వచ్చింది.

మళ్లీ మెగాఫోన్

'చండీరాణి' తర్వాత భరణీ సినిమాలకు ఎక్కువగా భర్తే దర్శకుడు. 1961లో శరత్ నవల ఆధారంగా వచ్చిన 'బాటసారి' ఆయన తీసిందే. భానుమతి మళ్లీ 1970ల్లో దర్శకత్వం వైపు వచ్చారు. 1972లో 'అంతా మన మంచికే', 1974లో 'అమ్మాయి పెళ్లి' తీశారు. 1982లో 'భక్త ధృవ మార్కండేయ' పిల్లలనే నటులుగా పెట్టి తీసిన ప్రయోగం.

1986లో భర్త కన్నుమూశారు. ఆ రోజుల్లోనే ఆమె తమిళనాడు ప్రభుత్వ సంగీత కళాశాల ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ అందుకున్నారు. 1998లో వచ్చిన 'పెళ్లికానుక' ఆమె చివరి సినిమా. 2005 డిసెంబర్ 24న చెన్నైలో 80 ఏళ్ల వయసులో తుదిశ్వాస విడిచారు.

ఇంకో విషయం. తెరపై భానుమతి పెదవి కదిలితే దాదాపు ఎప్పుడూ వినిపించేది భానుమతి గొంతే. ప్లేబ్యాక్ రాజ్యమేలిన రోజుల్లోనూ తన పాట తానే పాడుకున్నారు. పాటే కాదు.. తన కథ తానే రాసుకున్నారు, తన సినిమా తానే తీసుకున్నారు. ఈసారి టీవీలో 'మంగమ్మగారి మనవడు' వస్తే, ఆ నానమ్మ గద్దింపు వెనక ఇంత కథ ఉందని గుర్తు చేసుకోండి.