వజ్రం తాకట్టుతో నిలిచిన ఉక్కు నగరం: మెహర్‌బాయి టాటా జీవితం

జంషెడ్‌పూర్: సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమానికి చేరువలో వెలసిన జంషెడ్‌పూర్ దేశానికి ఉక్కు నగరంగానే పరిచయం. అయితే ఈ నగర చరిత్రలో ఒక వజ్రానికీ చోటుంది. ఇక్కడి సర్ దొరాబ్జీ టాటా పార్కులో ఉక్కుతో మలిచిన వజ్రాకార నిర్మాణం ఆ సంగతినే గుర్తుచేస్తుంది. 1924లో కర్మాగారంలో జీతాలు చెల్లించేందుకు సైతం డబ్బు లేని స్థితి ఏర్పడింది. అప్పుడు సంస్థ ఛైర్మన్ దొరాబ్జీ టాటా తన సొంత ఆస్తితో పాటు భార్య మెహర్‌బాయి నగలను కూడా బ్యాంకులో తాకట్టు పెట్టారు. వాటిలో కోహినూర్ కంటే రెండు రెట్లకు పైగా బరువున్న జూబిలీ వజ్రం ఉంది.

ఆ ఘట్టం కారణంగా మెహర్‌బాయి పేరు ఒక నగతో ముడిపడిపోయింది. కానీ ఆమె జీవితం ఆ నగ కంటే విశాలమైనది. ఆమె టెన్నిస్ క్రీడాకారిణి, మహిళా సంఘాల నిర్మాత, బాల్య వివాహాల నిషేధం కోసం గొంతెత్తిన కార్యకర్త. విలువైన వస్తువుతో మనిషికి ఉండవలసిన సంబంధం ఏమిటన్న ప్రశ్నకు ఆమె జీవితం ఒక సమాధానం.

మైసూరు రాజ్యంలో బాల్యం

మెహర్‌బాయి 1879 అక్టోబరు 10న బొంబాయిలో పార్సీ కుటుంబంలో జన్మించారు. తండ్రి హోర్మస్‌జీ భాభా మైసూరు సంస్థానంలో విద్యాశాఖ ఉన్నతాధికారిగా పనిచేశారు. ఆయన ఉద్యోగం కారణంగా ఆమె బాల్యం బెంగళూరు, మైసూరు ప్రాంతాల్లో గడిచింది. బెంగళూరులోని బిషప్ కాటన్ పాఠశాలలో చదువుకున్నారు. తండ్రి గ్రంథాలయమే ఆమెకు రెండో బడి అయింది. పియానో వాయించడంలోనూ ఆమెకు మంచి ప్రవేశం ఉండేది. భారత అణుశక్తి కార్యక్రమ పితామహుడు హోమీ భాభా ఆమెకు స్వయానా మేనల్లుడు.

జంషెడ్‌జీ టాటాకు భాభా కుటుంబంతో స్నేహం ఉండేది. పెద్ద కుమారుడు దొరాబ్జీ మైసూరు వెళ్లినప్పుడు ఆ ఇంటికి కూడా వెళ్లి రమ్మని ఆయన సూచించారు. దొరాబ్జీ, మెహర్‌బాయి పరిచయం అక్కడే జరిగింది. 1898 ఫిబ్రవరి 14న వారి వివాహమైంది. అప్పటికి దొరాబ్జీ వయసు 38 ఏళ్లు, ఆమె వయసు 18. ఇద్దరికీ ఆటలంటే ప్రాణం. వారికి సంతానం కలగలేదు.

గని నుంచి సానరాయి దాకా

జూబిలీ వజ్రం కథ దక్షిణాఫ్రికాలో మొదలవుతుంది. 1895లో అప్పటి ఆరెంజ్ ఫ్రీ స్టేట్‌లోని జాగర్స్‌ఫాంటైన్ గనిలో సుమారు 650 క్యారెట్ల బరువున్న ముడి రాయి దొరికింది. ఆ దేశాధ్యక్షుడు ఫ్రాన్సిస్ విలియం రీట్జ్ పేరు మీద మొదట దాన్ని రీట్జ్ వజ్రమని పిలిచారు. లండన్ వ్యాపారుల చేతికి వచ్చిన ఆ రాయిని 1896లో సానపట్టేందుకు ఆమ్‌స్టర్‌డాంకు పంపారు. ఎం.బి. బారెండ్స్ ఆ పని చేపట్టారు.

వజ్రాన్ని సానపట్టేవారికి ప్రతి రాయీ ఒక చిక్కుముడే. బరువు మిగుల్చుకోవాలంటే మెరుపును కొంత వదులుకోవాలి. మెరుపు రాబట్టాలంటే రాయిని కొంత కోల్పోవాలి. రాయి లోపలి పొరల తీరు, మచ్చలున్న చోటు గమనించాకే ఎక్కడ చీల్చాలో, ఏ కోణంలో సానపట్టాలో నిర్ణయిస్తారు. ఒక్క దెబ్బ తప్పితే రాయి ముక్కలైపోతుంది. ఇక్కడ శిల్పి ఊహకు మొదటి హద్దు గీసేది రాయే. ఆమ్‌స్టర్‌డాంలో ముందుగా మచ్చ ఉన్న సుమారు 40 క్యారెట్ల ముక్కను వేరుచేశారు. దాని నుంచి 13 క్యారెట్లకు పైబడిన, కన్నీటి బొట్టు ఆకారపు వజ్రం తయారైంది. మిగిలిన పెద్ద రాయి స్వచ్ఛత చూసి నిపుణులే ఆశ్చర్యపోయారు.

చివరకు 245.35 క్యారెట్ల వజ్రం రూపుదిద్దుకుంది. చిన్న దిండులాంటి ఆకారం, 88 ముఖాలు దాని ప్రత్యేకత. అడుగున ఉండే కొస రెండు మిల్లీమీటర్ల వెడల్పు కూడా లేనంత సన్నగా కుదిరింది. ఆ కొన మీద వజ్రాన్ని నిలబెట్టవచ్చునంటారు. కొలతలు అంత సమంగా కుదిరాయన్నమాట. పల్నాడు ప్రాంతంలోని కొల్లూరు గనుల్లో పుట్టిందని భావించే కోహినూర్ ప్రస్తుత బరువు 105.6 క్యారెట్లు మాత్రమే. దాన్ని బట్టి ఈ రాయి పరిమాణాన్ని అంచనా వేయవచ్చు.

1897లో విక్టోరియా రాణి పాలనకు 60 ఏళ్లు నిండాయి. ఆ వజ్రోత్సవం పేరే ఈ రాయికి స్థిరపడింది. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో దీన్ని చూసేందుకు జనం బారులు తీరారు. ఆ తర్వాత దొరాబ్జీ సుమారు లక్ష పౌండ్లకు దీన్ని కొని భార్యకు కానుకగా ఇచ్చారు. జంషెడ్‌పూర్‌లోని జూబిలీ పార్కుకు ఆ పేరు ఈ వజ్రం వల్ల వచ్చిందనుకుంటే పొరపాటు. ఉక్కు సంస్థ స్వర్ణోత్సవం సందర్భంగా 1958లో ప్రారంభమైన ఉద్యానవనం అది.

మెడలో వజ్రం, చేతిలో రాకెట్

సన్నని ప్లాటినం గొలుసుకు, ప్లాటినం కొక్కేల మధ్య బిగించిన ఒంటి రాయిగా మెహర్‌బాయి ఆ వజ్రాన్ని ధరించేవారు. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో కార్టియే వంటి పారిస్ నగల సంస్థలు ప్లాటినాన్ని విరివిగా వాడటం మొదలుపెట్టాయి. గట్టిదనం ఎక్కువ కావడంతో సన్నని తీగ కూడా పెద్ద రాయిని మోయగలదు. లోహం తెరవెనుకకు తప్పుకొని రాయిని ముందు నిలుపుతుంది. బంగారంలో ఒత్తుగా పొదిగే మన సంప్రదాయ నగల తీరుకు ఇది భిన్నం.

విందులు, రాజ దర్బారుల వంటి ప్రత్యేక సందర్భాల్లో మాత్రమే వజ్రం బయటకు వచ్చేది. మిగతా రోజుల్లో భద్రపరిచే పెట్టెలోనే ఉండేది. దాన్ని బయటకు తీసిన ప్రతిసారీ బీమా సంస్థ భారీ మొత్తం వసూలు చేసేదని చెబుతారు.

మెహర్‌బాయి రోజువారీ ప్రపంచం మాత్రం వేరు. టెన్నిస్‌లో ఆమె 60కి పైగా బహుమతులు గెలుచుకున్నారు. మైదానంలోకి దిగినప్పుడూ చీరకట్టు విడిచిపెట్టలేదు. గుర్రపు స్వారీ చేసేవారు, కారు నడిపేవారు. 1912లో జెప్పెలిన్ ఎయిర్‌షిప్‌లో ఆకాశయానం చేశారు. విదేశీ సభల్లోనూ పార్సీ చీరలోనే కనిపించేవారు. ఏది ధరించాలి, ఎప్పుడు ధరించాలి అన్న విషయంలో ఆమెకు స్పష్టత ఉండేది.

1924: జీతాలకు డబ్బు లేని రోజులు

జంషెడ్‌జీ 1904లో కన్నుమూశాక ఉక్కు కర్మాగారం కలను నిజం చేసే బాధ్యత దొరాబ్జీ భుజాన పడింది. 1907లో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ ఏర్పడింది. లండన్ పెట్టుబడిదారులు ముఖం చాటేస్తే, దాదాపు 8,000 మంది భారతీయులు మూడు వారాల్లోనే మొత్తం మూలధనాన్ని సమకూర్చారు. సాక్చి గ్రామం వద్ద అడవిని చదును చేసి నిర్మించిన కర్మాగారంలో 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు దిమ్మ తయారైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడి పట్టాలు మెసొపొటేమియా దాకా వెళ్లాయి. అందుకు గుర్తింపుగా 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు.

యుద్ధం ముగిశాక పరిస్థితి తలకిందులైంది. యుద్ధకాలంలో తలపెట్టిన భారీ విస్తరణ ఖర్చు అంచనాలను దాటిపోయింది. యంత్రాల ధరలు, రవాణా ఖర్చులు పెరిగాయి. ఐరోపా నుంచి చవక ఉక్కు భారత మార్కెట్‌ను ముంచెత్తింది. ఇక్కడి దుక్క ఇనుముకు పెద్ద కొనుగోలుదారుగా ఉన్న జపాన్‌ను 1923 భూకంపం దెబ్బతీసింది. 1924లో జంషెడ్‌పూర్ నుంచి బొంబాయికి ఒక తంతి వచ్చింది. కార్మికులకు జీతాలివ్వడానికి డబ్బు లేదన్నది దాని సారాంశం.

అప్పుడు దొరాబ్జీ తన వ్యక్తిగత ఆస్తినంతా ఇంపీరియల్ బ్యాంకుకు హామీగా పెట్టారు. ఆ ఆస్తి విలువ సుమారు కోటి రూపాయలు. జూబిలీ వజ్రంతో సహా మెహర్‌బాయి నగలు అందులో భాగం. ఆ ఇంపీరియల్ బ్యాంకే తర్వాతి కాలంలో స్టేట్ బ్యాంకు ఆఫ్ ఇండియాగా మారింది.

మన ఇళ్లలో నగ తాకట్టు కొత్త మాట కాదు. పంట పోయినప్పుడు, పిల్లల చదువుకు ఫీజు కట్టలేనప్పుడు బీరువాలోంచి నగ బయటకు వస్తుంది. ఆపదకు ఆదుకునేది నగేనన్న నమ్మకం తెలుగు నేలపై ప్రతి ఇంటికీ తెలిసినదే. మెహర్‌బాయి విషయంలో తేడా ఒక్కటే. ఆ నగ ఒక ఇంటిని కాదు, వేలాది ఇళ్లను ఆదుకునేందుకు బయటకు వచ్చింది. బతుకుతెరువు కోసం దేశం నలుమూలల నుంచీ జంషెడ్‌పూర్ చేరిన కుటుంబాలవి. తెలుగు కుటుంబాలకూ ఈ నగరంతో తరాల అనుబంధం ఉంది.

అయితే ఒక్క వజ్రమే కర్మాగారాన్ని కాపాడిందనడం చరిత్రను కుదించడమే అవుతుంది. అదే ఏడాది ప్రభుత్వం చట్టం చేసి విదేశీ ఉక్కుపై రక్షణ సుంకాలు విధించింది. వాటాదారులు డివిడెండ్ లేకుండా ఏళ్ల తరబడి ఓపిక పట్టారు. కార్మికులూ మూల్యం చెల్లించారు. సంస్థ నిలదొక్కుకునే క్రమంలో ఉద్యోగాల కోత భయం 1928 నాటి పెద్ద సమ్మెకు దారితీసింది. ఆ వివాద పరిష్కారంలో సుభాష్ చంద్రబోస్ పాలుపంచుకున్నారు. వజ్రం చేసిన మేలు సంస్థకు కొంత వ్యవధిని సంపాదించిపెట్టడం. ఆ వ్యవధి లేకపోతే మిగతావేవీ అక్కరకు వచ్చేవి కావు. కంపెనీ మళ్లీ లాభాల బాట పట్టింది, వజ్రం తాకట్టు నుంచి విడుదలైంది.

చట్టం కోసం పోరాటం

మెహర్‌బాయి ఈ కాలమంతా సామాజిక సేవలో తలమునకలై ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధ సమయంలో రెడ్‌క్రాస్ కోసం పనిచేశారు. బొంబాయి ప్రెసిడెన్సీ మహిళా మండలి, భారత జాతీయ మహిళా మండలి స్థాపనలో కీలక పాత్ర పోషించారు. అంతర్జాతీయ మహిళా మండలిలో భారత్‌కు సభ్యత్వం రావడం వెనుక ఆమె కృషి ఉంది. బాలికల చదువు కోసం, పరదా పద్ధతి, అంటరానితనం నిర్మూలన కోసం వాదించారు.

1927లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో బ్యాటిల్ క్రీక్ కళాశాలలో ప్రసంగిస్తూ బాల్య వివాహాల బిల్లుకు మద్దతు పలికారు. 1929లో ఆ బిల్లు శారదా చట్టంగా రూపొందింది. బాలికల వివాహానికి 14 ఏళ్లు, బాలురకు 18 ఏళ్లు కనీస వయసుగా ఆ చట్టం నిర్ణయించింది. సంపన్నురాలిగా తనకు దొరికిన వేదికను ఆమె ఏ గొంతూ లేని పిల్లల కోసం వాడారు.

విషాదం నుంచి పరిశోధనకు

1931 జూన్ 18న లుకేమియా వ్యాధితో మెహర్‌బాయి వేల్స్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆమె వయసు 51 ఏళ్లు. ఇంగ్లండ్‌లోని బ్రుక్‌వుడ్ శ్మశానవాటికలో ఆమెను సమాధి చేశారు. భార్య ప్రాణాలు తీసిన వ్యాధిపై పరిశోధన సాగాలని దొరాబ్జీ 1932 ఏప్రిల్‌లో లేడీ టాటా మెమోరియల్ ట్రస్టును నెలకొల్పారు. రక్త క్యాన్సర్‌కు సరైన చికిత్సే లేని కాలంలో వేసిన విత్తనం అది. దేశవిదేశాల శాస్త్రవేత్తలకు ఆ ట్రస్టు నేటికీ అండగా నిలుస్తోంది.

ఆమె తొలి వర్ధంతికి సమాధిని దర్శించేందుకు బయలుదేరిన దొరాబ్జీ, 1932 జూన్ 3న జర్మనీలోని బాడ్ కిసింగెన్‌లో మరణించారు. బ్రుక్‌వుడ్‌లో భార్య పక్కనే ఆయననూ సమాధి చేశారు. మిగిలిన ఆస్తినంతా ఆయన ముందే తన పేరిట ఏర్పడిన ట్రస్టుకు రాసిచ్చారు. జూబిలీ వజ్రం కూడా అందులో ఉంది.

వజ్రం ఏమైంది?

1937లో కార్టియే సంస్థ ద్వారా జూబిలీ వజ్రం ఫ్రెంచ్ పారిశ్రామికవేత్త పాల్ లూయీ వేలే చేతికి వెళ్లింది. ఆ తర్వాత లెబనాన్‌కు చెందిన నగల వ్యాపారి రాబర్ట్ మొవాద్ సేకరణలో చేరింది. ఆ సొమ్ము ట్రస్టు నిధుల్లో కలిసింది. అదే ట్రస్టు అండతో 1936లో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, 1941లో బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి, 1945లో హోమీ భాభా సారథ్యంలో టాటా మౌలిక పరిశోధనా సంస్థ రూపుదిద్దుకున్నాయి.

జంషెడ్‌పూర్‌లో 1975లో ప్రారంభమైన క్యాన్సర్ ఆసుపత్రికి మెహర్‌బాయి పేరే పెట్టారు. చుట్టుపక్కల జిల్లాల నుంచి రోగులు అక్కడికి వస్తుంటారు. ఆమె మెడలోని వజ్రాన్ని ఈ నగరంలో ఇప్పుడు ఎవరూ చూడలేరు. ఆమె పేరున్న ఆసుపత్రి తలుపులు మాత్రం ప్రతి ఉదయం తెరుచుకుంటున్నాయి.