శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిమ్ జహ్రావీ (రహ్మ)

ఉందులుస్ పేరు వినగానే మనవాళ్ళకు ఖుర్తుబా జామె మస్జిద్ గుర్తుకొస్తుంది. ఆ నగరానికి పడమటన, కొద్ది మైళ్ళ దూరంలో, కొండ వాలున మరో నగరం ఉండేది. ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ హిజ్రీ 325 (క్రీ.శ. 936)లో దాని నిర్మాణం ప్రారంభించాడు. దాని పేరు మదీనతుజ్జహ్రా. ఆ ఊరి పేరుతోనే లోకానికి తెలిసిన వైద్యుడు అబుల్ ఖాసిమ్ ఖలఫ్ బిన్ అబ్బాస్ అజ్జహ్రావీ. మదీనా అన్సార్ల సంతతి వారన్న గుర్తుగా ఆయన పేరుకు అన్సారీ అని కూడా చేరుస్తారు. ఐరోపా వాళ్ళ నోట ఆ పేరు అబుల్కాసిస్ అయింది.

ఆయన గురించి చరిత్ర గ్రంథాల్లో ఉన్నది కొన్ని పంక్తులే. ఆ పంక్తుల్లో కొన్ని ధార్మిక పండితులు రాసినవి. ఖుర్తుబాకు చెందిన సుప్రసిద్ధ విద్వాంసుడు ఇబ్నె హజ్మ్ (రహ్మ) తాను ఆయన్ని కళ్ళారా చూశానని చెబుతూ ఆయన గ్రంథాన్ని మెచ్చుకున్నారు. ఇబ్నె హజ్మ్ శిష్యుడు, హదీసు పండితుడు హుమైదీ ఆయన్ని దైవభక్తి, సద్గుణం, విద్య గల మనిషిగా పరిచయం చేసి, హిజ్రీ 400 తరువాత ఉందులుస్‌లోనే మరణించారని రాశారు. మిగతా కథంతా ఆయన గ్రంథంలోనే వెతుక్కోవాలి.

ఆ గ్రంథం పేరు అత్తస్రీఫ్. దాదాపు యాభై ఏళ్ళు వైద్యం చేసిన అనుభవంతో క్రీ.శ. 1000 ప్రాంతంలో ముగించారు. అందులో 30 భాగాలున్నాయి. చాలా భాగాలు మందుల గురించే. చివరిదైన 30వ భాగం శస్త్రచికిత్స: మొదట వాతలు పెట్టడం, తరువాత కోతలు, ఆ తరువాత విరిగిన ఎముకలు కట్టడం. సుమారు 200 పరికరాల బొమ్మలు గీసి మరీ చూపించారు. అంత పెద్ద గ్రంథాన్ని పరిచయం చేయడం మా ఉద్దేశం కాదు. మనిషి చేతి విషయంలో, అందులోనూ మోచేతి మడత దగ్గర, ఆయన ఎంత జాగ్రత్త పాటించారో అంతవరకే చెప్పదలచాం.

ముందుగా ఒక మాట. మన ఇళ్ళల్లో నెత్తురు పారే గొట్టాన్నీ నరం అంటాం, స్పర్శను, కదలికను మోసే తీగనూ నరం అనే అంటాం. ఇంజెక్షన్ నరానికి ఇచ్చారంటాం, నరాల బలహీనత అనీ అంటాం. ఉర్దూ మాట్లాడేవాళ్ళు నస్ అన్నా ఇదే తికమక. అరబీ వైద్య గ్రంథాల్లో ఈ గందరగోళం లేదు. గుండె వైపు తిరిగివచ్చే, కొట్టుకోని రక్తనాళం వరీద్ (సిర). వేలు పెడితే కొట్టుకునేది షిర్యాన్ (ధమని). మెదడు, వెన్నుపాము నుంచి వచ్చేది అసబ్ (నాడి). ఇవి మూడూ మోచేతి మడతలో ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని కింద ఒకటి ఉంటాయి. మాట ఒకటే కదా అని కత్తి కూడా ఒకేలా పెడితే చెయ్యి పోతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది.

ఆ రోజుల్లో ఫస్ద్, అంటే సిరను కోసి రక్తం తీయడం, సర్వసాధారణమైన చికిత్స. హిజామా వేరు, ఫస్ద్ వేరు. హిజామాలో చర్మం మీద చిన్న గాట్లు పెట్టి కప్పుతో లాగుతారు. ఫస్ద్‌లో నేరుగా సిరనే తెరుస్తారు. రక్తం తీయదగిన సిరలు శరీరంలో 30 అని జహ్రావీ లెక్క చెప్పారు. వాటిలో ప్రతి చేతికీ ఐదు. బొటనవేలి వైపు నుంచి పైకి వచ్చేది ఖీఫాల్, జనం దాన్ని తల సిర అనేవారు. చిటికెనవేలి వైపు నుంచి వచ్చి చంక దిశగా పోయేది బాసిలీఖ్, జనం వాడుకలో కడుపు సిర. ఈ రెండింటి కొమ్మలు కలిసి మధ్యలో ఏర్పడేది అక్‌హల్, ఒంటి సిర. ముంజేతి మీద హబ్లుజ్జిరా, అంటే ముంజేతి తాడు. ఖుర్ఆన్ చదివేవారికి హబ్ల్ అన్న మాట హబ్లుల్ వరీద్ వల్ల పరిచయమే. ఐదవది ఉసైలిమ్, ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ మధ్యన ఉంటుంది.

పేర్లు ఎవరైనా చెప్పగలరు. ఒక్కో సిర కింద ఏముందో చెప్పడంలోనే జహ్రావీ గొప్పతనం ఉంది. ఖీఫాల్ కింద ధమనీ లేదు, నాడీ లేదు, కనుక అన్నింటిలోకి అదే క్షేమం, కండ చివర తగలకుండా చూసుకుంటే చాలు. అక్‌హల్ దగ్గర నాడి ఉంటుంది, జాగ్రత్త. అన్నింటికంటే ప్రమాదం బాసిలీఖ్, దాని కింద ధమని ఉంది. అందుకే ఆయన పద్ధతి ఇలా సాగుతుంది: చేతికి కట్టు కట్టకముందే వేలితో తడిమి ఎక్కడ కొట్టుకుంటోందో కనుక్కోవాలి. ఆ చోట సిరాతో గుర్తు పెట్టాలి. ఆ తరువాతే కట్టు బిగించి, గుర్తుకు దూరంగా కత్తి పెట్టాలి. కట్టు బిగించాక గుర్తు పెట్టిన చోటే ఉబ్బు కనిపిస్తే అది ధమని, దాన్ని ముట్టుకోకూడదు.

ఇంత చేసినా పొరపాటు జరిగితే? రక్తం పిల్లవాడు మూత్రం పోసినట్టు ఎగిరి చిమ్మితే, పలచగా ఎర్రగా ఉంటే, తెగింది ధమని అని తెలుసుకోవాలి. వెంటనే దాని మీద వేలు పెట్టి చాలాసేపు అదిమి ఉంచాలి. ఆగితే చెయ్యి కట్టి కొన్నాళ్ళు కదలనివ్వకూడదు. ఆగకపోతే సగం తెగిన ధమనిని పూర్తిగా తెంచాలి, అప్పుడు కొసలు లోపలికి ముడుచుకుపోతాయి. లేదా పిస్తా పెంకును చీల్చి ఒక సగాన్ని గాయం మీద పెట్టి, గుడ్డ మడతలతో మరునాటి వరకు బిగించి కట్టాలి. దారంతో ధమనిని ముడివేయడం, కాల్చి రక్తం ఆపడం కూడా ఆయన మరోచోట వివరించారు. పిస్తా పెంకు మాట చదివినప్పుడు మాకు ఆశ్చర్యం కలిగింది. నిజమైన రోగి పక్కన కూర్చుని, చేతికి అందిన దానితో ప్రాణం కాపాడిన వ్యక్తికి తప్ప ఇలాంటి ఉపాయం తోచదు.

నేటి వైద్యశాస్త్రం కూడా మోచేతి మడతను దాదాపు ఇలాగే చూపిస్తుంది. రక్తపరీక్షకు సాధారణంగా సూది గుచ్చేది మధ్యలో అడ్డంగా పోయే సిరకే. దాని కింద పలుచని పొర, ఆ పొర కింద చేతి ప్రధాన ధమని, ఆ ధమనికి లోపలి పక్కన పెద్ద నాడి ఉంటాయి. బీపీ చూసేటప్పుడు డాక్టరు చెవి గొట్టం ఆనించేది ఆ ధమని మీదే. లోపలి అంచున ఉన్న సిరకు వీలైనంతవరకు సూది పెట్టవద్దని ఈనాటికీ నేర్పిస్తారు.

అయితే మనవాళ్ళు కొందరు ఉత్సాహంతో జహ్రావీ అన్నీ కనుగొన్నారని రాసేస్తుంటారు. అలా రాయడం ఆ మహనీయునికి గౌరవం కాదు. శరీర నిర్మాణ జ్ఞానం ఆయన గ్రీకు వైద్యుడు జాలీనూస్ గ్రంథాల నుంచి తీసుకున్నారు, ఆ సంగతి దాచుకోలేదు కూడా. రక్తం శరీరమంతా తిరిగి గుండెకు చేరుతుందన్న సంగతి ఆయన కాలానికి తెలియదు. గుండె నుంచి ఊపిరితిత్తుల గుండా రక్తం ఎలా పోతుందో చెప్పినవారు క్రీ.శ. 1288లో మరణించిన ఇబ్నున్నఫీస్. పూర్తి ప్రసరణను 1628లో ఇంగ్లండుకు చెందిన హార్వే నిరూపించాడు. ఇబ్నున్నఫీస్ కాలంలోనే షామ్ దేశపు క్రైస్తవ వైద్యుడు ఇబ్నుల్ ఖుఫ్ శస్త్రచికిత్స మీద రాసిన గ్రంథాన్ని మన హైదరాబాదు దాయిరతుల్ మఆరిఫ్ 1937లో రెండు సంపుటాలుగా అచ్చువేసిందని ఈ సందర్భంగా గుర్తుచేస్తున్నాం.

జహ్రావీ బాధ అంతా తన కాలపు వైద్యుల గురించే. అవయవ నిర్మాణం తెలియనివాళ్ళు కత్తి పట్టుకుంటున్నారని 30వ భాగం మొదట్లోనే వాపోయారు. ఒక అజ్ఞాని ఒక స్త్రీ మెడ మీది గడ్డను కోయబోయి ధమనులు తెంచేశాడు, ఆమె అతని ఎదుటే నెత్తురు కారి చనిపోయింది. మరొకడు ముసలాయనకు మూత్రాశయంలోని రాయి తీయబోయి రాయితోపాటు మూత్రాశయం ముక్కను కూడా ఊడదీశాడు, మూడో రోజుకు ఆయన పోయాడు. శిష్యులను నా బిడ్డలారా అని పిలుస్తూ, ప్రమాదం ఉన్న చికిత్సలేవో, క్షేమమైనవేవో విడదీసి చూపించారు.

అబూ దావూద్ హదీసు గ్రంథంలో రక్తపరిహారాల అధ్యాయంలో ఒక ఉల్లేఖనం ఉంది. వైద్యం తెలిసినవాడిగా పేరు లేని మనిషి చికిత్స చేసి హాని కలిగిస్తే దానికి అతనే బాధ్యుడని దైవప్రవక్త (స) బోధించినట్లు అందులో ఉంది. దాన్ని ఉల్లేఖించిన అబ్దుల్ అజీజ్ హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) కుమారుడు. ఇది నోటితో మందు చెప్పడం గురించి కాదని, సిరలు కోయడం, గడ్డలు కోయడం, వాతలు పెట్టడం గురించేనని ఆయన వివరణ ఇచ్చారు. జహ్రావీ 30వ భాగంలో తీసుకున్న పనులూ ఇవే. నేడు మొహల్లాల్లో సరైన శిక్షణ లేకుండానే సున్నత్ పేరు చెప్పి బ్లేడు పట్టుకునేవారు ఈ ఉల్లేఖనాన్ని ఒకసారి చదువుకోవాలని, వారి వద్దకు వెళ్ళే కుటుంబాలు ఆ వ్యక్తి ఎక్కడ నేర్చుకున్నాడో అడగాలని మా మనవి. అడగడం అగౌరవం కాదు.

చేతి విషయంలోనే మరో సంఘటన ఆయన స్వయంగా రాశారు. ఒక వ్యక్తికి పాదంలో నలుపు, మంట మొదలై పాకడంతో అతడు పాదాన్ని తనే తెగ్గోసుకుని బతికాడు. కొంతకాలానికి అదే రోగం చూపుడువేలికి వచ్చింది. జహ్రావీ మందులతో ఆపాలని చూశారు. ఆగలేదు, చేతిలోకి పాకింది. చెయ్యి తీసేయమని అతను ప్రాధేయపడ్డాడు. ఒంట్లో బలం లేదు, కోస్తే చనిపోతాడన్న భయంతో జహ్రావీ ఒప్పుకోలేదు. అతను ఆశ వదులుకుని సొంత ఊరికి వెళ్ళిపోయాడు. అక్కడ చెయ్యి కోసేసుకుని కోలుకున్నాడని తరువాత కబురు తెలిసింది. తన అంచనా తప్పిన ఈ సంగతిని ఆయన తన గ్రంథంలోంచి తీసేయలేదు, శిష్యులు చదవాలని ఉంచారు.

క్రీ.శ. 1010లో అంతర్యుద్ధంలో మదీనతుజ్జహ్రా దోపిడీకి గురై పాడుబడింది. గ్రంథం మాత్రం దాటిపోయింది. 12వ శతాబ్దంలో తులైతులాలో గెరార్డ్ అనే అనువాదకుడు శస్త్రచికిత్స భాగాన్ని లాటిన్‌లోకి మార్చాడు. 1497లో అది వెనిస్‌లో అచ్చయింది. బాసిలీఖ్, ఖీఫాల్ అన్న పేర్లు అరబీ గ్రంథాల అనువాదాల ద్వారానే లాటిన్‌లోకి వెళ్ళాయి. నేడు మన మెడికల్ కాలేజీల పిల్లలు చేతి సిరలను బాసిలిక్, సెఫాలిక్ అనే పేర్లతో చదువుకుంటున్నారు.