కణాన్ని బురిడీ కొట్టించిన భీమవరం కుర్రాడు

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, తిన్నది ఒంటికి పట్టనివ్వని స్ప్రూ జబ్బుతో ఇద్దరు సోదరుల్ని పోగొట్టుకున్నారు. మద్రాసులో ఖద్దరు కట్టినందుకు ఎంబీబీఎస్‌ బదులు ఎల్‌ఎంఎస్‌ చేతికొచ్చింది. 1923లో బోస్టన్‌ చేరారు. హార్వర్డ్‌లో పర్మనెంట్‌ ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లే కంపెనీకి మారారు. అక్కడ ఆయన టీమ్‌ ఫోలిక్‌ యాసిడ్‌ తయారుచేసింది. స్ప్రూకి మందు అదే!

కణం రెండుగా చీలాలంటే ముందు డీఎన్‌ఏ కాపీ అవ్వాలి. దానికి ఫోలిక్‌ యాసిడ్‌ కావాలి. ఆగకుండా చీలే క్యాన్సర్‌ కణానికి అది లేకపోతే కష్టమే. అందుకే అచ్చం దానిలాంటి నకిలీ, అమినోప్టెరిన్‌ని ఆ టీమే తయారుచేసింది. కణం మోసపోతుంది, కాపీ ఆగిపోతుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్‌ దాన్ని లుకేమియా పిల్లలకిస్తే కొందరికి కొంతకాలం జబ్బు తగ్గింది.

1948లో, 53 ఏళ్లకే సుబ్బారావు పోయారు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ని డాక్టర్లు ఇప్పటికీ రాస్తున్నారు.