శాండో బనియన్ వెనకున్న మనిషి

మీ ఇంట్లో బీరువా తెరిస్తే శాండో బనియన్ ఒక్కటైనా కనిపిస్తుంది. చేతుల్లేని ఆ బనియన్‌కు ఆ పేరెలా వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? అది కంపెనీ పేరు కాదు, ఓ మనిషి పేరు. యూజెన్ శాండో. ఆయన పోయి నూరేళ్లు దాటింది. పాత సినిమాలు ఇష్టపడేవారికి శాండో చినప్పదేవర్ పేరు గుర్తుండే ఉంటుంది. ఆ పేరు ముందున్న శాండో కూడా ఈయనే.

సర్కస్‌లో బరువులెత్తిన మనిషి గురించి ఆరోగ్యం పేజీలో ఎందుకంటారా? మా ఓపీలో తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది. రోజూ గంటసేపు నడుస్తున్నాం కదా, బరువు తగ్గటానికి మళ్లీ ఆ డంబెల్సూ అవీ అవసరమా అని. ముఖ్యంగా నలభై దాటిన ఆడవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు అడుగుతుంటారు. బరువులెత్తటం పహిల్వాన్లకే అనుకునే రోజుల్లో దాన్ని గుమాస్తాల ఇళ్లలోకి, ఆడవాళ్ల గదుల్లోకి తీసుకెళ్లిన మనిషి శాండో. అందుకే ఆయన జీవితంలోనే దీనికి సగం జవాబు దొరుకుతుంది.

ఆయన 1867 ఏప్రిల్ 2న నాటి ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టాడు. ఇప్పుడా ఊరు రష్యాలో ఉంది, పేరు కలినిన్‌గ్రాడ్. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ ముల్లర్. చిన్నప్పుడు తాను బక్కపలచగా ఉండేవాడినని, పదేళ్ల వయసులో తండ్రితో ఇటలీ వెళ్లి అక్కడి పాతకాలపు రాతి విగ్రహాలు చూశాక అలాంటి ఒళ్లు కావాలనిపించిందని తర్వాత చెప్పుకున్నాడు. ప్రచారం బాగా తెలిసిన మనిషి కాబట్టి ఈ కథకు కాస్త తాలింపు పెట్టే ఉంటాడు. పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి సైన్యంలో చేరటం తప్పించుకోవటానికి ఊరు విడిచి సర్కస్‌ల వెంట తిరిగాడు. బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో ప్రొఫెసర్ అటిలా అనే గురువు దొరికాడు. అసలు మలుపు అక్కడే. తేలిక బరువులతో ఎన్నిసార్లు తిప్పామన్నది కాదు, ఒంటికి అలవాటైన కొద్దీ బరువు పెంచుకుంటూ పోవటం ముఖ్యమని అటిలా నేర్పాడు. నేటికీ కండర వ్యాయామానికి ప్రాణం ఈ ఒక్క సూత్రమే. ఒకే కిలో డంబెల్‌ను మూడేళ్లుగా ఊపుతున్నవారు దీన్ని గమనించాలి.

1889లో లండన్ వచ్చాడు. అక్కడ రాయల్ అక్వేరియం అనే వినోదశాల ఉండేది. అందులో శాంసన్ అనే మల్లుడు తనలా చేయగలవాళ్లెవరైనా ఉన్నారా అని రోజూ సవాలు విసిరేవాడు. ముందు అతని శిష్యుణ్ని, తర్వాత అతన్నీ ఓడించేసరికి, ఇంగ్లిషు కూడా సరిగా రాని ఈ కుర్రాడు లండన్ అంతటా తెలిసిపోయాడు. 1893లో అమెరికాకు వెళ్లాడు. అదే ఏడాది షికాగోలో పెద్ద ప్రపంచ ప్రదర్శన జరుగుతోంది. వివేకానందుడు ప్రసంగించిన సర్వమత సభ జరిగింది కూడా ఆ సందర్భంలోనే. శాండో ప్రదర్శనలు ఏర్పాటు చేసిన జీగ్‌ఫెల్డ్ అనే కుర్ర వ్యాపారి ఒక సంగతి పసిగట్టాడు. జనం ఆయన ఎంత బరువెత్తాడన్నది పట్టించుకోవటం లేదు, ఎత్తేటప్పుడు కదిలే కండలను చూస్తున్నారు. ఇంకేం, కండలనే ప్రదర్శనకు పెట్టాడు. మరుసటి ఏడాది ఎడిసన్ స్టూడియోలో ఆయన మీద చిన్న సినిమా కూడా తీశారు. సినిమా అనేది అప్పుడే కళ్లు తెరుస్తున్న రోజులవి.

ఆ 1893లోనే హార్వర్డ్ యూనివర్సిటీకి చెందిన డాక్టర్ డడ్లీ సార్జెంట్ శాండో ఒంటిని అంగుళం అంగుళం కొలిచాడు. ఇంత చక్కటి శరీరం తానెన్నడూ చూడలేదని మెచ్చుకున్నాడు. ఎత్తు సుమారు అయిదడుగుల తొమ్మిది అంగుళాలు, బరువు సుమారు 180 పౌండ్లు, అంటే 82 కిలోలు. ఇప్పుడు మీరు ఫోన్‌లో బీఎంఐ లెక్క కట్టండి. 26 దాటుతుంది. మన దేశంలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటున్నాం. ఆ లెక్కన విగ్రహంలాంటి శాండో కూడా మా ఓపీలో బరువు తగ్గమన్న చీటీ పట్టుకుని బయటికి వెళ్లాల్సిందే!

మనవాళ్ల సంగతి దీనికి తలకిందులు. పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ కలిసి 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటో ఒకటి వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం ఉంటే యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూడటానికి సన్నగానే ఉంటాం, లోపల కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. పొట్ట ముందుకు, కాళ్లు పుల్లల్లా. చిన్న వయసులోనే మనకు షుగరు రావటానికి ఇదొక ముఖ్య కారణం. తిన్న అన్నంలోని గ్లూకోజును పీల్చుకుని దాచుకునే పెద్ద గిడ్డంగి కండరమే. గిడ్డంగే చిన్నదైతే సరుకు వీధిలో, అంటే రక్తంలో మిగిలిపోతుంది.

శాండో కథలో నాకు బాగా నచ్చేది ఆ తర్వాతి భాగం. పేరు, డబ్బు వచ్చాక 1897లో లండన్ సెయింట్ జేమ్స్ వీధిలో వ్యాయామశాల తెరిచాడు. మరుసటి ఏడాది పత్రిక పెట్టాడు. కుర్చీలో కూర్చుని రోజంతా రాసే ఉద్యోగులు, నడుం వంగిన దుకాణదారులు ఆయన దగ్గరికి వచ్చేవారు. రాలేనివారికి ఉత్తరాల ద్వారా పాఠాలు. చేరేటప్పుడు ఛాతీ, నడుం, జబ్బ, తొడ కొలతలు రాసి పంపాలి. కొన్ని నెలల తర్వాత మళ్లీ కొలవాలి. బరువు చూసే మిషనుకన్నా ఆయనకు కొలత టేపు మీదే నమ్మకం. ఆయన అమ్మిన డంబెల్ కూడా తమాషాగా ఉండేది. నిలువునా రెండు ముక్కలుగా చేసి మధ్యలో స్ప్రింగులు పెట్టేవాడు. పిడికిలి బిగించి ఆ రెండు ముక్కలను దగ్గరికి నొక్కి పట్టుకుని కసరత్తు చేయాలి. బలం పెరిగిన కొద్దీ స్ప్రింగులు పెంచుకోవాలి. ఆడవాళ్లకూ కసరత్తు కావాలని ఆ రోజుల్లోనే గట్టిగా వాదించాడు.

ఇక మన ప్రశ్నకు వద్దాం. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ వారు 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒళ్లు కదపని, అధిక బరువున్నవారిని మూడు జట్లు చేశారు. ఒక జట్టు గుండె వేగం పెంచే వ్యాయామం మాత్రమే, ఒకటి బరువులు మాత్రమే, మూడోది రెండూ. ఎనిమిది నెలల తర్వాత చూస్తే మొదటి జట్టు, మూడో జట్టు దాదాపు ఒకేలా, ఒకటిన్నర కిలోకు కాస్త పైన తగ్గారు. బరువులు మాత్రమే ఎత్తినవారు తగ్గకపోగా ముప్పావు కిలోకు పైగా పెరిగారు. కాబట్టి ఒక మాట తేటగా చెప్పుకోవాలి. మిషను మీద ముల్లు కదలటమే మీకు కావాలంటే డంబెల్స్ అక్కర్లేదు. తిండి తగ్గించి, నడిస్తే చాలు. కండ పెరిగితే కూర్చున్నా కొవ్వు కరిగిపోతుందని జిమ్ముల్లో చెప్పే మాట కూడా పెద్ద అతిశయం. కిలో కండరం విశ్రాంతిలో రోజంతా ఖర్చు పెట్టేది 13 కేలరీలే. ఒక చెంచా చక్కెరలో అంతకన్నా ఎక్కువే ఉంటాయి.

అయితే అదే అధ్యయనంలో లోపలి లెక్క వేరు. రెండూ చేసినవారిలో కొవ్వు సుమారు 2.4 కిలోలు పోయి, కండ కొంత పెరిగింది. నడక జట్టులో కొవ్వు 1.7 కిలోల దాకా తగ్గింది, కండ పెరగలేదు. మూడో జట్టువారు రెండింతలు సమయం పెట్టారన్నదీ నిజమే. దీనికి తిండి తగ్గించటం తోడైతే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 65 దాటిన 160 మంది స్థూలకాయులపై చేసిన మరో అమెరికా అధ్యయనం 2017లో వచ్చింది. ఆహారం తగ్గించి వ్యాయామం చేసిన మూడు జట్లూ బరువులో 9 శాతం తగ్గాయి. గుండె వ్యాయామం మాత్రమే చేసినవారిలో కండ 5 శాతం పోతే, రెండూ చేసినవారిలో 3 శాతం, బరువులే ఎత్తినవారిలో 2 శాతం పోయింది. తుంటి ఎముక పలచబడటం కూడా మొదటి జట్టులోనే ఎక్కువ. కుర్చీలోంచి లేవటం, మెట్లెక్కటం లాంటి పనుల్లో అందరికన్నా మెరుగుపడ్డది రెండూ చేసినవారే.

ఇది మామూలు విషయం కాదు. పెళ్లి ముహూర్తానికో, రిపోర్టు చూసి భయపడో, రాత్రి భోజనం మానేసి నడక మొదలుపెడతారు. ఎనిమిది కిలోలు తగ్గుతారు. అందులో కొంత కండ. ఏడాదికి తిండి మళ్లీ మామూలైతే బరువు తిరిగొస్తుంది, కానీ వచ్చేది ఎక్కువగా కొవ్వే. ఇలా రెండు మూడుసార్లు జరిగితే యాభై అయిదేళ్లకే నేల మీద కూర్చుని లేవటానికి మంచం కోడు పట్టుకోవాల్సి వస్తుంది. మోకాలి నొప్పి అని వచ్చేవారిలో తొడ చేత్తో పట్టుకుంటే చాలామందికి కండ చేతికి తగలదు.

1901 సెప్టెంబరు 14న లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్లో శాండో ఒక పోటీ పెట్టాడు. తన పద్ధతిలో శిక్షణ పొందినవారికి దేహదారుఢ్య పోటీ. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త, వృత్తిరీత్యా డాక్టరు అయిన ఆర్థర్ కానన్ డాయిల్ న్యాయనిర్ణేతల్లో ఒకరు. పెద్ద కండలున్నవాడికి బహుమతి కాదని ముందే చెప్పారు. ఒళ్లంతా సమంగా పెరగాలి, ఆరోగ్యం, చర్మం బాగుండాలి. నాటింగ్‌హామ్‌కు చెందిన ముర్రే గెలిచాడు. నేటికీ మిస్టర్ ఒలింపియాకు ఇచ్చే బొమ్మ శాండోదే. నేటి పోటీల్లో ఆ నియమాలు ఎంతవరకు మిగిలాయో మీకే తెలుసు.

1904-05లో మన దేశానికి వచ్చి కలకత్తా, బొంబాయిల్లో ప్రదర్శనలిచ్చాడు. ఆ తర్వాత దేశంలో బలవంతుడికి శాండో అనేది బిరుదైపోయింది. మన వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడుగారినీ ఇండియన్ శాండో అన్నారు. అరువు బిరుదు ఆయనకెందుకో నాకర్థం కాదు. మన తాలింఖానాల్లో దండీలు, బస్కీలు శాండో పుట్టకముందు నుంచీ ఉన్నాయి. మీకూ అవే చాలు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోండి, పదిసార్లు. గోడకు చేతులు ఆనించి దండీలు తీయండి. నీళ్ల సీసాలు పట్టుకుని చేతులు మడవండి. చివరి రెండుసార్లు కష్టంగా అనిపించాలి. సులువైపోతే సీసా పెద్దది చేయండి, కుర్చీ ఎత్తు తగ్గించండి. వారానికి రెండు రోజులు, మధ్యలో విరామంతో. నడక వారానికి 150 నిమిషాలు మానక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ ఇంతే. పప్పు, గుడ్డు, పెరుగు రోజూ పళ్లెంలో ఉండాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టర్ని అడిగే ప్రొటీన్ పెంచాలి.

డబ్బాల్లో అమ్మే పొడుల జోలికి వెళ్లేముందు శాండో కోకో కథ వినండి. వ్యాయామంతో ఆగకుండా బలానికి కోకో అంటూ కంపెనీ పెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం నడుమ అది మునిగింది. ఆయన సంపాదనా చాలావరకు దాంతోనే పోయింది. 1911లో రాజు అయిదో జార్జి ఆయన్ను వ్యాయామ ఆచార్యుడిగా నియమించాడు. గౌరవం దక్కింది గానీ పాత వైభవం తిరిగి రాలేదు.

1925 అక్టోబరు 14న, 58వ ఏట చనిపోయాడు. రోడ్డు పక్క గుంతలో పడ్డ కారును ఒంటిచేత్తో లేపబోయి మెదడులో నరం చిట్లిందని పత్రికలు రాశాయి. మరణ పత్రంలో ఉన్నది వేరు. గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని ఉబ్బటం. లండన్‌లోని పట్నీ వేల్ శ్మశానంలో పాతిపెట్టారు. దశాబ్దాల పాటు ఆ సమాధి మీద పేరున్న రాయి కూడా లేదు.

కారు కథ ఎలా ఉన్నా, ఊపిరి బిగబట్టి పెద్ద బరువెత్తితే బీపీ ఎగదన్నుతుందన్నది నిజం. 1985లో కెనడాలో యువ వ్యాయామవీరుల చేతి ధమనిలో గొట్టం పెట్టి కొలిస్తే, కాళ్లతో భారీ బరువు నెట్టేటప్పుడు సగటున 320/250 వచ్చింది. కాబట్టి బీపీ అదుపులో లేనివారు ముందు దాన్ని దారికి తెచ్చుకోండి. ఈమధ్యే గుండెపోటు వచ్చినవారు, హెర్నియా ఉన్నవారు, షుగరు వల్ల కంటిలో రక్తస్రావం అయినవారు డాక్టరు చెప్పేదాకా బరువుల జోలికి వెళ్లొద్దు. ఇన్సులిన్ వేసుకునేవారు ఖాళీ కడుపుతో చేయొద్దు, దగ్గర చక్కెర పెట్టుకోండి. మిగతావారు బరువు పైకెత్తేటప్పుడు నోటితో గాలి వదలండి, దించేటప్పుడు పీల్చండి. పైకి వినిపించేలా అంకెలు లెక్కపెడుతూ చేస్తే ఊపిరి బిగబట్టడం మీవల్ల కాదు.