గిన్నెల మోతలో దేవుని సన్నిధి



మాటలు లేని గంట ఒక్కటి కూడా మనకు దొరకడం కష్టమైపోయింది. తెల్లవారగానే ఫోన్, పనిచోట చర్చలు, సాయంత్రం టీవీ. ఆదివారం ఆరాధన ముగిసి మందిరం మెట్లు దిగేలోపే మళ్ళీ కబుర్లు. ఇంత సందడిలో దేవుని జ్ఞానాన్ని వినడం ఎలా? ఈ ప్రశ్నకు తన బ్రతుకుతోనే జవాబిచ్చిన ఒక వంటవాని జీవితాన్ని ఈ వారం ధ్యానిద్దాం.

ఆయన అసలు పేరు నికోలస్ హెర్మన్. నేటి ఫ్రాన్స్‌లో ఉన్న లొరేన్ ప్రాంతంలో సుమారు 1614లో పేద కుటుంబంలో పుట్టాడు. పెద్దగా చదువుకోలేదు. 18 ఏళ్ల వయసులో, ఒక చలికాలం, ఆకులన్నీ రాలిన చెట్టును చూశాడు. కొంతకాలానికి అదే చెట్టు చిగురించి, పూసి, కాస్తుంది కదా అన్న తలంపు ఆయన హృదయాన్ని పట్టుకుంది. అక్కడ ప్రసంగం లేదు, పాట లేదు. ఆ మోడు ముందు నిలబడే దేవుని శక్తిని, సంరక్షణను గ్రహించాడు.

ఆ రోజుల్లో ఐరోపాను ముప్పై ఏళ్ల యుద్ధం కుదిపేస్తోంది. నికోలస్ సైనికుడై గాయపడ్డాడు. అప్పటినుండి బ్రతికినన్నాళ్లూ కుంటుతూనే నడిచాడు. తరువాత ఒక ధనవంతుని ఇంట సేవకుడిగా చేరాడు గానీ, చేతికందిన వస్తువల్లా పగలగొట్టేవాడట. చివరికి 1640లో పారిస్‌లోని కర్మెలీయుల మఠంలో చేరి, సహోదరుడు లారెన్స్ అయ్యాడు. అక్కడ ఆయనకు అప్పగించిన పని వంట. అది ఆయనకు బొత్తిగా ఇష్టం లేని పని.

మఠంలో చేరగానే నెమ్మది దొరకలేదు. సుమారు పదేళ్లు లోలోపల నలిగిపోయాడు. గడచిన పాపాలు కళ్లముందే ఉండేవి. తాను దేవునికి చెందినవాడినేనా అన్న భయం వెంటాడేది. వంటగది మోత కన్నా ఈ లోపలి మోతే పెద్దది. చివరికి, చచ్చేదాకా తన స్థితి ఇంతేనేమో, అయినా ప్రతి పనీ దేవుని ప్రేమ కోసమే చేస్తానని నిశ్చయించుకున్నాడు. అప్పుడే ఆయన ఆత్మకు లోతైన సమాధానం కలిగింది.

ఆ తరువాత ప్రార్థన వేళ వేరు, పని వేళ వేరు అన్న తేడా ఆయనకు పోయింది. పెనం మీద అట్టు తిప్పడం కూడా దేవుని కోసమే. పనికి ముందు సహాయం అడిగేవాడు. పని బాగా జరిగితే స్తుతించేవాడు. తప్పిపోతే వెంటనే క్షమాపణ వేడుకుని, కుమిలిపోకుండా ముందుకు సాగేవాడు. నలుగురు నాలుగు వైపుల నుండి కేకలు వేస్తున్నా, మోకాళ్లమీద ఉన్నంత నెమ్మదిగా దేవునితో ఉండగలిగేవాడు.

ప్రార్థనలో మనస్సు చెదిరిపోతోందని బాధపడిన ఒకరికి, ఎక్కువ మాటలు వాడవద్దని ఉత్తరం రాశాడు. మాటలు పెరిగేకొద్దీ మనస్సు తిరుగులాడుతుందనీ, ధనవంతుని గుమ్మం దగ్గర కూర్చున్న మూగ భిక్షగానిలా ప్రభువు ఎదుట ఊరకే నిలవమనీ ఆయన సలహా. గమనించారా? బయటి సందడి ఒక్కటే కాదు, మన ప్రార్థనలోని మాటల జోరు కూడా దేవుని స్వరాన్ని మనకు వినబడనీయకపోవచ్చు.

వంటగదిలో సుమారు 15 ఏళ్లు గడిపాక ఆయన మఠంలోని వారి చెప్పులు బాగుచేసే పనికి మారాడు. 1691 ఫిబ్రవరిలో ప్రభువునందు నిద్రించాడు. ఆయన ఏ పదవీ ఎరుగడు. అయినా జోసెఫ్ ద బొఫోర్ అనే యాజకుడు ఆయనతో జరిపిన సంభాషణలను, ఆయన ఉత్తరాలను సమకూర్చి ప్రచురించాడు. దేవుని సన్నిధిని సాధన చేయడం గురించిన ఆ చిన్న పుస్తకాన్ని అన్ని శాఖల క్రైస్తవులూ నేటికీ చదువుతున్నారు.

ప్రియులారా, లారెన్స్ ఇష్టంలేని పని నుండి పారిపోలేదు, సందడి తగ్గేదాకా ఆగలేదు. ఈ వారం మనం గిన్నెలు తోముతున్నప్పుడు, బస్సు కోసం నిలబడినప్పుడు, ఎవరికైనా కోపంగా జవాబివ్వబోయే ముందు, ఒక్క క్షణం లోపల ప్రభువు వైపు తిరుగుదాం. అడగడానికి ఏమీ లేకపోయినా ఆయన ఎదుట నిలుద్దాం. వినే చెవిని ప్రభువే మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.