రెల్లు గడ్డిని చదివిన జానకి అమ్మాళ్

వానలు వెనకబట్టి దసరా దగ్గరపడేసరికి మన తిరువూరు వైపు వాగుల గట్లు తెల్లబడిపోతాయి. అదంతా రెల్లు పువ్వే. గుడిసె కప్పుకు తప్ప ఎందుకూ పనికిరాదనుకునే ఈ గడ్డి మనం రోజూ టీలో వేసుకునే పంచదారకు దగ్గర చుట్టం. చెరకూ రెల్లూ శాకరమ్ అనే ఒకే ప్రజాతి మొక్కలు. ఈ చుట్టరికాన్ని కణం లోపలికి వెళ్ళి చదివినవారిలో ముఖ్యమైన శాస్త్రవేత్త ఎడవలెత్ కక్కాట్ జానకి అమ్మాళ్.

ఆమె 1897 నవంబర్ 4న కేరళలోని తలశ్శేరిలో పుట్టారు. తండ్రి ఇ.కె. కృష్ణన్ సబ్ జడ్జి. ఇల్లు నిండా పిల్లలు, ఇంటి చుట్టూ తోట. తోటి ఆడపిల్లలకు పెళ్ళిళ్ళు అయిపోతుంటే జానకి మాత్రం చదువే కావాలనుకున్నారు. మద్రాసులో క్వీన్ మేరీస్ కాలేజీ, తరవాత ప్రెసిడెన్సీ కాలేజీ. 1921లో వృక్షశాస్త్రంలో ఆనర్స్ పూర్తిచేసి, విమెన్స్ క్రిస్టియన్ కాలేజీలో పాఠాలు చెప్పారు. ఆసియా దేశాల అమ్మాయిలకిచ్చే బార్బర్ స్కాలర్‌షిప్ రావడంతో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. 1931లో అక్కడే డాక్టరేట్ అందుకున్నారు. మన దేశంలో ఆడపిల్ల బడి గడప దాటడమే గొప్పగా ఉన్న రోజులవి!

తిరిగొచ్చాక తిరువనంతపురంలో కొన్నాళ్ళు ప్రొఫెసర్‌గా చేసి, 1934లో కోయంబత్తూరు చెరకు ప్రజనన కేంద్రంలో చేరారు. ఆ కేంద్రం 1912లో మొదలైంది. అప్పట్లో లావుగా, తియ్యగా ఉండే చెరకు రకాలు ఉత్తరాది చలికీ, తెగుళ్ళకీ తట్టుకునేవి కావు. మనవాళ్ళు జావా పంచదార కొనుక్కునే పరిస్థితి. కోయంబత్తూరు శాస్త్రవేత్తలు తియ్యటి చెరకును మొండి రెల్లుతో కలిపారు. అలా పుట్టిన కో 205 రకం 1918లో రైతులకు చేరింది. తీపి ఒకరిది, ఓర్పు ఇంకొకరిది అన్నమాట.

పని జరిగింది సరే, లోపల ఏం జరుగుతోంది? జానకి అమ్మాళ్ పట్టుకున్న ప్రశ్న ఇదే. మనిషి కణంలో క్రోమోజోములు 46. లావు చెరకులో 80. రెల్లులోనైతే చోటును బట్టి 40 నుంచి 128 దాకా మారిపోతాయి! ఇంత గజిబిజి లెక్కను ఆమె మైక్రోస్కోపు కింద ఓపిగ్గా లెక్కపెట్టారు. వేర్వేరు ప్రాంతాల రెల్లును పోల్చి చూశారు. అక్కడితో ఆగకుండా చెరకును జొన్నతో, మొక్కజొన్నతో కూడా సంకరం చేశారు. అంటే ప్రజాతి గీతను దాటి వేరే ఇంటి మొక్కతో వియ్యమందడం. చెరకు, మొక్కజొన్న సంకరం గురించి 1938లో ప్రకటించారు.

ఇలాంటి సంకరాలతో ఒక చిక్కుంది. తల్లిదండ్రుల క్రోమోజోములకు జత కుదరకపోతే పిల్ల మొక్క గొడ్డుపోతుంది. మన అడవినాభి దుంపలో ఉండే కోల్చిసిన్ అనే రసాయనం ఇక్కడ అక్కరకొస్తుంది. అది కణ విభజనను మధ్యలో ఆపేస్తుంది. క్రోమోజోములు రెట్టింపవుతాయి, కణం మాత్రం రెండుగా చీలదు. అప్పుడు ప్రతి క్రోమోజోముకూ ఓ జత దొరుకుతుంది. ఈ రెట్టింపు విద్యలో జానకి అమ్మాళ్ది అందెవేసిన చెయ్యి.

కానీ ఆ కేంద్రంలో ఆమె రోజులు హాయిగా ఏం గడవలేదు. ఒంటరి ఆడమనిషి, పైగా వెనకబడినదిగా చూసే తియ్య కులం. రెండు వైపులా వివక్షే. 1939లో ఎడిన్‌బరోలో జరిగిన జన్యుశాస్త్ర మహాసభకు వెళ్ళారు. అంతలో రెండో ప్రపంచయుద్ధం వచ్చిపడింది. ఆమె ఇంగ్లండులోనే ఉండిపోయారు. బాంబులు పడుతున్న లండన్‌లో, జాన్ ఇన్నెస్ సంస్థలో పని సాగించారు. సి.డి. డార్లింగ్టన్‌తో కలిసి సాగు మొక్కల క్రోమోజోముల అట్లాసును 1945లో వెలువరించారు. తరవాత విస్లీ తోటలో కోల్చిసిన్‌తో మాగ్నోలియాల మీద ప్రయోగాలు చేశారు. ఒక మాగ్నోలియా రకానికి ఆమె పేరే పెట్టారు.

నెహ్రూ పిలుపుతో 1951లో స్వదేశానికి వచ్చి, భారత వృక్ష సర్వేక్షణ సంస్థను తిరిగి నిలబెట్టే బాధ్యత తీసుకున్నారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. ఎనభై ఏళ్ళ వయసులోనూ మద్రాసు విశ్వవిద్యాలయం వారి మధురవాయల్ ప్రయోగక్షేత్రంలో మొక్కలతోనే కాలం గడిపారు.

కేరళలో సైలెంట్ వ్యాలీ అడవిని ముంచేసే జలవిద్యుత్ ప్రాజెక్టు తలపెట్టినప్పుడు ఆమె గట్టిగా వ్యతిరేకించారు. మొక్కల్ని మార్చడంలో జీవితం గడిపిన మనిషి, మార్చని అడవి కోసం ఎందుకు నిలబడ్డారు? ఇందులో వైరుధ్యమేం లేదు. రెల్లు లేకపోతే కో 205 లేదు. కొత్త గుణం కావాలంటే ఎక్కడో ఒకచోట అది ముందే ఉండాలి.

ఇవాళ్టి జన్యు ఇంజనీరింగ్‌కీ ఇదే వర్తిస్తుంది. సంకరంలో వేలాది జన్యువులు కలగాపులగంగా వస్తాయి. ల్యాబులోనైతే కావలసిన ఒక్కదాన్నే ఏరి పెట్టొచ్చు. మన చేలల్లోని బీటీ పత్తి అలా వచ్చిందే. 2002లో దానికి అనుమతి దొరికింది. అందులోని జన్యువు మట్టిలో బతికే ఓ బాక్టీరియాది. కొన్నేళ్ళకు గులాబీ రంగు పురుగు ఆ విషానికి అలవాటుపడిపోయింది. అప్పుడేం చేయాలి? మళ్ళీ వెతుక్కోవాల్సిందే. మట్టిలో, అడవిలో, వాగు గట్టున. వెతకడానికి అవి మిగిలి ఉంటేనే!

జానకి అమ్మాళ్ 1984 ఫిబ్రవరి 7న కన్నుమూశారు. అదే ఏడాది నవంబర్‌లో సైలెంట్ వ్యాలీని జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. ఆ కబురు వినడానికి ఆమె లేరు, అడవి మాత్రం ఉంది.