రాజా దీన్ దయాళ్

రాజా దీన్ దయాళ్ (1844 - 1905 జూలై 5) పంతొమ్మిదవ శతాబ్దానికి చెందిన ప్రసిద్ధ భారతీయ ఛాయాగ్రాహకుడు. ఇతనిని లాలా దీన్ దయాళ్ అని కూడా వ్యవహరిస్తారు. హైదరాబాదు ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు. నాటి హైదరాబాదు సంస్థానపు రూపురేఖలను తెలుసుకోవడానికి ఇతని ఛాయాచిత్రాలు ముఖ్యమైన ఆధారాలు.

తొలి జీవితం

దీన్ దయాళ్ మీరట్ సమీపంలోని సర్ధనాలో, నగల వ్యాపారం చేసే జైన కుటుంబంలో జన్మించాడు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో శిక్షణ పొంది, 1866లో ఇండోరులో ప్రభుత్వ ఉద్యోగంలో చేరాడు. అంచనాలు, నక్షలు తయారుచేయడం ఇతని పని. అక్కడే ఛాయాగ్రహణం అభ్యసించాడు. ఇండోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్ ఇతనిని ప్రోత్సహించాడు. 1880వ దశకం ఆరంభంలో లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి మధ్య భారతంలో పర్యటించి, అక్కడి ప్రాచీన కట్టడాలను చిత్రించాడు. 1885లో వైస్రాయి ఛాయాగ్రాహకుడిగా నియమితుడయ్యాడు.

హైదరాబాదులో

ఉద్యోగం విడిచిన తరువాత దీన్ దయాళ్ నిజాము కొలువులో చేరాడు. రాజప్రాసాదాలు, దర్బారులు, వేట యాత్రలు, సైనిక విన్యాసాలతో పాటు కరవు సహాయక పనులను కూడా చిత్రించాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో నెలకొల్పాడు. దానిని ఒక ఆంగ్ల మహిళ నిర్వహించేది. పరపురుషుని ఎదుటికి రాని స్త్రీలకు తమ రూపాన్ని చిత్రంలో చూసుకునే అవకాశం దీనివలన కలిగింది. 1894లో నిజాము ఇతనికి రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదునిచ్చాడు. 1896లో బొంబాయిలో కూడా స్టూడియో ప్రారంభించాడు.

చిత్రీకరణ విధానం

ఈస్ట్‌మన్ 1888లో చుట్ట ఫిల్ముతో పనిచేసే కొడాక్ కెమెరాను విడుదల చేశాడు. అయితే దీన్ దయాళ్ కృషి ప్రధానంగా గాజు పలకలపైనే సాగింది. కాళ్ళపై నిలిపిన పెద్ద కెమెరా వెనుక నల్లగుడ్డ కప్పుకొని, గరుకు గాజుపై తలక్రిందులుగా కనిపించే బింబాన్ని సరిచూసుకోవాలి. ఒక పలకపై ఒక చిత్రమే వస్తుంది. ఎదుట ఉన్నవారు కదిలితే ఆ పలక వృథా అవుతుంది. అందువలన వెలుగు, చోటు, నిలబడే తీరు ముందే నిర్ణయించుకోవలసి ఉండేది. పలకను కాగితానికి ఆనించి అచ్చు తీయడం వలన పలకపై ఉన్న సూక్ష్మ వివరాలన్నీ చిత్రంలోకి వచ్చేవి. డిజిటల్ కెమెరాలు వ్యాపించిన తరువాత కూడా కొందరు పాత కెమెరాలనే ఇష్టపడడానికి ఈ నిదానం, ముందుచూపు ముఖ్య కారణాలు.

వారసత్వం

1904లో కుమారుడు ధరంచంద్, మరుసటి సంవత్సరం దీన్ దయాళ్ మరణించడంతో సంస్థ ప్రాభవం తగ్గింది. గాజు పలకలు పగిలితే తిరిగి రావు. అయినా 2,857 నెగటివులు మిగిలి, 1989లో న్యూఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి. 2006లో భారత తపాలా శాఖ ఇతని స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది.